ఇసుకలో దిగబడని చక్రం

హఫీజ్‌పేట్: ఈ ఊరికి చెరువుంది, రైలుస్టేషనుంది, సముద్రం మాత్రం లేదు. పెద్ద గాలిపటం లాగుతుంటే చక్రాల పలకపై నిలబడి దూసుకుపోయే ఆట ‘కైట్ ల్యాండ్‌బోర్డింగ్’. పట్టాల పక్కన దీన్ని ఆడబోతే ప్రాణాలతో చెలగాటమే. రైలు తీగల్లో పారేది 25,000 వోల్టుల విద్యుత్తు. ఈ ఆటకు కావలసింది చీరాల వద్ద వాడరేవు వంటి విశాలమైన తీరం.

అక్కడ మరో చిక్కు. అలలు తడిపిన ఇసుక గట్టిగా ఉంటుంది. పొడి ఇసుకలో చిన్న చక్రాలు దిగబడతాయి. పలక ఆగుతుంది, గాలిపటం ఆగదు. మనిషి బోర్లా పడతాడు!

ఇనుప పట్టా చక్రాల బండి కూరుకుపోయే ఇసుకలో టైరుబండి సాగిపోవడం రైతులెరిగినదే. కిటుకు ఒక్కటే: బరువు ఎక్కువ జాగాపై పరుచుకోవాలి. అందుకే మామూలు 8 అంగుళాల చక్రాలు తీసి, పెద్దవి, వెడల్పయినవి బిగిస్తారు. గాలి కాస్త తగ్గిస్తారు. మరీ తగ్గిస్తే టైరు రిమ్ము నుంచి జారవచ్చు. బేరింగు ఇరుసుకు సరిపోవాలి. మలుపులో టైరు పలకను రాసుకోరాదు.

చక్రం పెరిగితే పలక ఎత్తవుతుంది, తూలడమూ ఎక్కువే. కనుక కొత్త చక్రాలపై తొలి పరుగు చిరుగాలిలో, జనం లేనిచోట, హెల్మెట్‌తోనే మేలు.