పులస దారి: గోదావరి నుంచి యమున దాకా

వానలు ముదిరాక దక్షిణ ఢిల్లీలోని చిత్తరంజన్ పార్క్ చేపల బజారుకు వెళ్తే, మంచు ముక్కల మీద వెండిలా మెరిసే చేపలు వరసగా కనిపిస్తాయి. బెంగాలీలు వాటిని ఇలిష్ అంటారు. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలకు కేటాయించిన కాలనీ ఇది. అందుకే ఇక్కడ ఆ చేప కోసం జరిగే బేరం కూడా ఒక పండగే. నోయిడా, గుర్గావ్‌ల నుంచి వచ్చే గోదావరి జిల్లాల వారు మాత్రం ఆ చేపను చేతిలోకి తీసుకుని ఒకే ప్రశ్న అడుగుతారు: ఇది పులసేనా?

శాస్త్రం చెప్పేదాని ప్రకారం రెండూ ఒకే జాతి. పేరు టెన్యులోసా ఇలీషా. సముద్రంలో ఉన్నంతకాలం తెలుగువారు దాన్ని ఇలస అంటారు, కొన్నిచోట్ల విలస అంటారు. వరద గోదావరిలోకి దిగి ఎదురీదాకే అది పులస అవుతుంది. అంటే పులస అన్నది ఆ చేప చేసిన ప్రయాణానికి పెట్టిన పేరు. మంచుపెట్టెలో ఢిల్లీకి వచ్చిన చేప ఎంత ఈదిందో దాని ముఖం చూసి చెప్పలేం. గోదావరి వారి అనుమానంలో అర్థం ఉంది.

ఆ ప్రయాణం చేప ఒంటికి చిన్న పరీక్ష కాదు. సముద్రంలో చుట్టూ ఉన్న నీరు చేప రక్తం కన్నా ఎంతో ఉప్పన. అందువల్ల శరీరంలోని నీరు బయటికి పోతూ ఉంటుంది. దాన్ని పూడ్చుకోవడానికి చేప ఉప్పునీరు తాగుతుంది, ఎక్కువైన ఉప్పును మొప్పల్లోని ప్రత్యేక కణాల ద్వారా బయటికి తోస్తుంది. నదిలోకి రాగానే పరిస్థితి పూర్తిగా తలకిందులవుతుంది. ఇక్కడ నీరే ఒంట్లోకి చొరబడుతుంది, ఉప్పు జారిపోతుంది. ఇప్పుడు అవే మొప్పలు నీటిలోని కొద్దిపాటి లవణాలను పట్టి లోపలికి లాగాలి, మూత్రపిండాలు ఎక్కువైన నీటిని తోడిపోయాలి. చాలా చేపలు ఈ మార్పును తట్టుకోలేవు. ఇలస తట్టుకుంటుంది. గుడ్లు పెట్టడానికి దానికి మంచినీరే కావాలి మరి. ప్రవాహానికి ఎదురీదే ఆ రోజుల్లో అది తినేది తక్కువ. సముద్రంలో కూడబెట్టిన కొవ్వే ఇంధనం.

రుచి మార్పుకు ఆధారం కూడా ఇక్కడే దొరుకుతుంది. సముద్రపు చేపల కండరాల్లో ట్రైమిథైలమీన్ ఆక్సైడ్ అనే పదార్థం ఎక్కువగా ఉంటుంది. ఉప్పునీటి ఒత్తిడిని తట్టుకోవడానికి అది సాయపడుతుంది. చేప చచ్చాక బ్యాక్టీరియా దాన్ని ట్రైమిథైలమీన్‌గా మారుస్తుంది. మనం నీచు వాసన అనేది ప్రధానంగా దాన్నే. మంచినీటి చేపల్లో ఈ సరుకు తక్కువ. సముద్రపు చేపకు ప్రత్యేకమైన 'కడలి వాసన' ఇచ్చే బ్రోమోఫినాల్స్ కూడా మంచినీటి చేపల్లో దాదాపు కనిపించవు. నది నీరు తాగాక ఇలసలో సముద్రపు వాసన తగ్గి కొవ్వు రుచి పైకి తేలుతుందన్న గోదావరి జాలర్ల మాట ఈ రసాయన శాస్త్రానికి దూరంగా లేదు.

చింతపండు పులుసు మిగతా పని చేస్తుంది. ట్రైమిథైలమీన్ క్షార గుణం ఉన్నది. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం తగలగానే అది ఆవిరి కాని లవణంగా మారిపోతుంది. ఆవిరి కానిది ముక్కుకు చేరదు. సన్నని సెగ మీద చాలాసేపు ఉడికే పులుసులో ఈ చేపకున్న లెక్కలేనన్ని సన్నని ముళ్లు కూడా కొంత మెత్తబడతాయి. పులస పులుసు మర్నాటికే బాగుంటుందని కోనసీమ వారు పట్టుబట్టడం వట్టి చాదస్తం కాదు. ఢిల్లీలో ఈ పులుపు రుచి చూడాలంటే ఇండియా గేట్‌కు దగ్గర్లో, అశోకా రోడ్డులోని ఆంధ్రభవన్ క్యాంటీన్ ఉంది. పప్పు, గోంగూర, పొడి, నెయ్యితో భోజనం దొరుకుతుంది. పులస మీద ఆశ మాత్రం పెట్టుకోకూడదు.

ఒకప్పుడు ఈ చేప ఢిల్లీకి తనంతట తానే వచ్చేది. బంగాళాఖాతం నుంచి గంగలోకి, ప్రయాగ దగ్గర యమునలోకి, అక్కడి నుంచి ఆగ్రా వరకూ, కొన్నిసార్లు ఢిల్లీ వరకూ ఇలస ఎదురీదేదని పాత మత్స్యశాస్త్ర రచనలు చెబుతాయి. మంచు లేదు, లారీ లేదు, విమానం లేదు. 1975లో పశ్చిమ బెంగాల్‌లో ఫరక్కా బ్యారేజీ పనిచేయడం మొదలయ్యాక ఆ దారి మూసుకుపోయింది. చేపల కోసం బ్యారేజీలో ప్రత్యేక లాకులు కట్టినా అవి ఆశించినంత ఉపయోగపడలేదు. సాల్మన్‌లా ఎగిరి దూకడం ఇలసకు రాదు. కనుక చేపల నిచ్చెన అంటే అందరికీ గుర్తొచ్చే సాల్మన్ మెట్లు దీనికి సరిపడవు. ఫరక్కాలోని నౌకల లాకును ఇలస దాటేలా మారుస్తామని 2019లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. బారక్‌పూర్‌లోని కేంద్ర అంతర్‌స్థలీయ మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు బ్యారేజీ దిగువన పట్టిన ఇలసలను ఎగువన గంగలో వదులుతున్నారు. కొన్నింటికి ట్యాగులు కట్టి ఎంత దూరం పోతున్నాయో చూస్తున్నారు.

గోదావరి మీద ఇలాంటి అడ్డు అంతకు చాలా ముందే వచ్చింది. ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. డెల్టాను అన్నపూర్ణను చేసిన కట్టడమది. కాటన్‌కు ఇప్పటికీ ఆ పల్లెల్లో విగ్రహాలున్నాయి. పాత ఆనకట్ట స్థానంలో ఇప్పుడు ఆయన పేరుతోనే బ్యారేజీ ఉంది. పులస ఎదురీత ఎక్కువగా దాని దిగువనే ఆగిపోతుంది. వలలు కూడా అక్కడే కాచుకుని ఉంటాయి. సముద్రానికీ బ్యారేజీకీ మధ్య మిగిలిన ఆ కొద్ది దూరమే 'పుస్తెలు అమ్మైనా పులస తినాలి' అన్న సామెతకు మిగిలిన చోటు.

ఢిల్లీ నుంచి ఆ తీరం చూడాలని వెళ్లేవారికి జూలై చివరి నుంచి సెప్టెంబరు దాకా అదను. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ముందు చూస్తే మంచిది. నదిని ఎలా మలిచారో అక్కడ తెలుసుకున్నాక చేప కథ సులువుగా అర్థమవుతుంది. దగ్గర్లోనే ఆత్రేయపురం. బోర్లించిన వేడి కుండ మీద పల్చని బియ్యప్పిండి జావను గుడ్డతో ఒక్కసారి లాగితే, పిండి పదార్థం క్షణంలో ఉడికి, నీరు ఆవిరై, కాగితం కన్నా పల్చని పొర లేస్తుంది. దాన్నే చక్కెర, నెయ్యి వేసి మడిస్తే పూతరేకు. 2023లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంకా దిగువకు, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేదికి వెళ్తే లక్ష్మీనరసింహస్వామి గుడి, ఆ పక్కనే ఇలస నదిలోకి మళ్లే నీళ్లు.

హోటల్లో పులస అని చెప్పి పెట్టేదంతా పులస కాదు. ఒక్కో చేప వేల రూపాయలు పలికేచోట, ఇతర రాష్ట్రాల నుంచి మంచులో వచ్చిన ఇలసకు పులస పేరు తగిలించడం కష్టమేమీ కాదు. తేల్చే సాధనం ఒకటుంది గానీ అది వంటింట్లో పనికిరాదు. చేప చెవిలో ఆటోలిత్ అనే చిన్న రాయి ఉంటుంది. చెట్టు కాండంలోలా అందులో పొర మీద పొర పేరుకుంటుంది. సముద్రపు నీటిలో స్ట్రాన్షియం ఎక్కువ, నది నీటిలో సాధారణంగా తక్కువ. కాబట్టి ఏ పొర ఏ నీటిలో పేరుకుందో కొలిచి చెప్పవచ్చు. బంగాళాఖాతపు ఇలసల రాకపోకలను శాస్త్రవేత్తలు ఇలాగే చదివారు.

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. పులస నదిలోకి ఎక్కేది మాత్రం ఆ గడువు తీరాక. గుడ్లతో నిండిన చేపకే గిరాకీ ఎక్కువ కాబట్టి, గుడ్లు పెట్టబోయే తల్లినే ఎక్కువ ధర ఇచ్చి కొంటున్నాం. బంగ్లాదేశ్ అక్టోబరు ప్రాంతంలో 22 రోజులు ఇలస వేట పూర్తిగా ఆపుతుంది, పిల్ల చేపల వేటకూ విడిగా నిషేధం పెట్టింది. 2017–18 నాటికి అక్కడి ఇలస దిగుబడి 5 లక్షల టన్నులు దాటింది.

ఫరక్కా ఎగువన వదిలిన చేపల్లో ఏదైనా ప్రయాగ దాటి, ఆగ్రా దాటి వచ్చిందే అనుకుందాం. దాని ముందు ఓఖ్లా బ్యారేజీ ఉంటుంది. వజీరాబాద్ నుంచి ఓఖ్లా వరకు ఉన్న యమున, నది మొత్తం పొడవులో 2 శాతం కూడా లేదు. అయినా నది కాలుష్యంలో మూడొంతులకు పైగా ఇక్కడే కలుస్తుంది. చేపలు బతకాలంటే లీటరు నీటిలో కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. ఎండాకాలంలో ఈ మేర చాలాచోట్ల అది సున్నాకు దగ్గరగా నమోదవుతుంది. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే చిత్తరంజన్ పార్క్ బజారు, మంచు మీద ఇలసలు.