జగ్గయ్యపేట మాంధాత

చెవిటికల్లు, నందిగామ, జగ్గయ్యపేటల మెట్టసీమ 2022లో కృష్ణా జిల్లానుండి ఎన్టీఆర్ జిల్లాలో చేరినది. వానకై ఆకాశమువంక చూచుట ఇచ్చటి సేద్యగానికి తరతరాల అలవాటు. వానతో ముడివడిన ఒక పురాణవీరుడు రెండువేల యేండ్ల క్రిందటనే ఈ సీమలో రాతికెక్కినాడు. ఆతడు మాంధాత.

ఇక్ష్వాకు వంశజుడగు యువనాశ్వుడు, పుత్రార్థము మంత్రించి యుంచిన జలమును దప్పిచే తానే త్రాగెను. ఆతని పార్శ్వమును భేదించుకొని మాంధాత జన్మించెను. తల్లిపాలు లేని ఆ శిశువునకు ఇంద్రుడు తన చూపుడువ్రేలు అందించి పోషించెను. పెరిగి ఆతడు ధరణినంతయు జయించెను. భారతమున అరణ్యపర్వమునందు లోమశుడు ధర్మరాజునకు ఈ కథ వినిపించుచు, శస్త్రవిజయములతో పాటు వేరొక ఘనకార్యమును చెప్పును: పండ్రెండేండ్లు అనావృష్టి కలుగగా, ఇంద్రుడు చూచుచుండగనే మాంధాత పైరులకై వాన కురిపించెను.

జగ్గయ్యపేట చెంతనున్న ధనంబోడు అను కొండపై బౌద్ధస్తూపమును 1882లో జేమ్స్ బర్జెస్ పరిశోధించెను. ఆ స్తూపపు శిల్పఫలకమున చక్రవర్తి వేరు రీతిగా కానవచ్చును. తలపై ఛత్రము, చుట్టును చక్రము, ఏనుగు, గుఱ్ఱము, రాణి మున్నగు సప్తరత్నములు. ఖడ్గము లేదు, ధనుస్సు లేదు. చేయి మబ్బువంక ఎత్తియున్నాడు. మబ్బునుండి చదరపు నాణెములు రాలుచున్నవి. క్రీస్తుపూర్వము ఒకటవ శతాబ్దిదిగా పండితులు ఎంచు ఈ ఫలకము చెన్నై ప్రభుత్వ మ్యూజియమునకు చేరినది.

ఈ వాన కథను బౌద్ధజాతకము చెప్పును. మాంధాత చేయి చరచినంతనే మోకాలిబంటి రత్నవర్షము కురియును. భూమి చాలక స్వర్గమునకేగి, ఆతడు శక్రునితో రాజ్యము పంచుకొనెను. ముప్పదియార్గురు శక్రులు మారినను తృప్తి కలుగలేదు. సగము చాలదు, అంతయు కావలెనని తలంచినంతనే ముదిమి పైబడి నేలగూలెను. రామాయణ ఉత్తరకాండమునను ఆతడు ఇంద్రుని అర్ధాసనమునే కోరెను. భూమిపై లవణాసురుడింకను నీకు లొంగలేదని ఇంద్రుడనగా, సిగ్గుపడి మరలివచ్చి, లవణుని శూలమునకు సేనతో కూడ భస్మమయ్యెను.

శిల్పి ఆ పతనమును చెక్కలేదు. కథ నెరిగిన భక్తులకు చెప్పనక్కరలేదని తలంచెనేమో! క్రీస్తుశకము మూడవ శతాబ్దిలో ఇక్ష్వాకు నామమునే ధరించిన వీరపురుషదత్తుడు ఈ సీమ నేలెను. ఆతని 20వ పాలనవత్సరమున సిద్ధార్థుడను శిల్పి ఈ స్తూపమునకే ఐదు ఆయకస్తంభములు సమర్పించినట్లు శాసనము కలదు. ఆ రాజ్యమును గతించినది. పైరుపై కురిసిన వాన ఆకలి తీర్చును. నాణెపు వాన ఆకలి పెంచును. రాతిలో మాంధాత చేయి ఇంకను మీదికే యున్నది.