ఇంటి అప్పుకు బీమా: సంతకానికి ముందు చూడవలసినవి

రెండేళ్ల క్రితం బడి తెరిచిన వారంలోనే నా పాత విద్యార్థి భార్య ఇద్దరు పిల్లలను వెంటబెట్టుకుని వచ్చింది. "మాస్టారూ, పిల్లలకు టీసీ ఇప్పించండి. ఇల్లు అమ్మేసి మా అమ్మగారి ఊరు వెళ్లిపోతున్నాం" అంది. భర్త గుండెపోటుతో పోయి అప్పటికి నాలుగు నెలలు. 20 ఏళ్లకు తీసుకున్న ఇంటి అప్పులో ఏడో ఏడు నడుస్తోంది. "అప్పుకు బీమా ఉందని ఆయన ఎప్పుడూ చెప్పేవారు" అంటూ కాగితం చూపించింది. బీమా ఉన్నమాట నిజమే. కానీ దాని గడువు ఐదేళ్లే. ఆయన పోయేనాటికే అది ముగిసిపోయింది.

ఆ కాగితాన్ని సంతకం రోజున ఎవరైనా చదివి ఉంటే బాగుండేదని అప్పటి నుంచీ అనుకుంటున్నాను. ఈ వ్యాసం అందుకే.

వడ్డీ, బీమాల గురించి ధర్మపరమైన సందేహాలున్నవారు తమకు నమ్మకమైన ఆలిమ్‌లను అడిగి నిర్ణయించుకోవాలి. అది నేను చెప్పదగిన విషయం కాదు. అయితే పోయినవారి అప్పు తీరాకే వారసుల వాటా లెక్కకు వస్తుందని మనందరికీ తెలుసు. అప్పు తీసుకున్న ఇంట్లో ఆ భారం ఎవరి మీద పడుతుందో ముందే ఆలోచించాలి.

ముందుగా ఒక అపోహ. అప్పుతోపాటు జీవిత బీమా తీసుకోవాలని చట్టం ఎక్కడా చెప్పలేదు. ఫలానా కంపెనీ దగ్గరే కొనాలని బ్యాంకు పట్టుబట్టకూడదు. కట్టడానికి అగ్నిప్రమాద బీమా అడగవచ్చు, కానీ అది వేరు. ఇల్లు కాలితే అది పనికొస్తుంది, ఇంటి యజమాని పోతే పనికిరాదు.

అప్పుకు రక్షణగా తీసుకునే జీవిత బీమా ముఖ్యంగా రెండు రకాలు. మొదటిది బ్యాంకు ఇప్పించే గ్రూపు పాలసీ. అప్పు తగ్గేకొద్దీ బీమా మొత్తమూ తగ్గుతుంది, డబ్బు ముందుగా బ్యాంకు బాకీకి జమవుతుంది. ప్రీమియం ఒకేసారి కట్టాలి కాబట్టి చాలాసార్లు దాన్నీ అప్పులోనే కలుపుతారు. లక్ష రూపాయలు అలా కలిపితే, 9 శాతం వడ్డీతో 20 ఏళ్లకు నెలకు సుమారు 900 చొప్పున మొత్తం 2 లక్షల 16 వేలు కడతాం.

రెండవది సొంతంగా తీసుకునే టర్మ్ పాలసీ. బీమా మొత్తం చివరిదాకా తగ్గదు. డబ్బు నామినీకి అందుతుంది. అప్పు వేరే బ్యాంకుకు మార్చినా, ముందే తీర్చినా పాలసీ మనదే. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియంపై జీఎస్టీ లేదు. గ్రూపు పాలసీకి ఈ మినహాయింపు వర్తించదు. వయసు తక్కువగా, ఆరోగ్యం బాగా ఉన్నవారికి నా సలహా ఈ రెండవదే.

సగం గడువు గడిస్తే సగం అప్పు తీరుతుందని చాలామంది అనుకుంటారు. 25 లక్షల అప్పు 9 శాతం వడ్డీతో 20 ఏళ్లకు తీసుకుంటే, పదేళ్లు కట్టాక కూడా దాదాపు 17 లక్షల 75 వేలు మిగిలే ఉంటుంది. అందుకే బీమా గడువు అప్పు గడువు కంటే తక్కువ ఉండకూడదు.

వివాహితుడు భార్యాపిల్లల కోసం తీసుకునే పాలసీకి 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం, 6వ సెక్షన్ అండగా ఉంది. ఆ సెక్షన్ ముస్లింలకూ వర్తిస్తుంది. పాలసీ తీసుకునేటప్పుడే ఈ చట్టం కింద కావాలని రాసివ్వాలి. అప్పులవాళ్లను మోసగించడానికి తీసుకున్నదైతే తప్ప, ఆ డబ్బుపై వారికి హక్కు ఉండదు. అది భార్యాపిల్లలదే.

ఇక రైడర్లు, అంటే అదనపు రక్షణలు. పోయినప్పుడే కాదు, మంచాన పడినా కిస్తీ ఆగదు. కాబట్టి ఒక్కరి సంపాదనపై నడిచే ఇంటికి ప్రమాదవశాత్తు శాశ్వత వైకల్యం, తీవ్ర వ్యాధి రైడర్లు ముందు చూడాలి. తీవ్ర వ్యాధి రైడర్‌లో ఏయే జబ్బులు ఉన్నాయో, ఎన్ని రోజుల నిరీక్షణ ఉందో చదవాలి. ఇలాంటి కష్టాల్లో ప్రీమియం మాఫీ చేసే రైడర్ కూడా మంచిదే. ప్రమాద మరణ రైడర్ గుండెపోటుకు వర్తించదు. అసలు బీమా చాలినంత తీసుకున్నాకే దాని సంగతి. అసలు తగ్గించి రైడర్లు పెంచుకోవద్దు.

దరఖాస్తు ఏజెంటు నింపినా బాధ్యత మనదే. షుగర్, బీపీ, పొగాకు అలవాటు దాచవద్దు. పాలసీ మొదలైన మూడేళ్లలోపు, దాచిన విషయం బయటపడితే కంపెనీ క్లెయిము తిరస్కరించవచ్చు. 1938 బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం మూడేళ్లు దాటాక పాలసీని ప్రశ్నించే వీల్లేదు.

సంతకానికి ముందు నాలుగు ప్రశ్నలు అడగండి. గడువు ఎన్నేళ్లు? బీమా ఎవరి పేరున? భార్యాభర్తలిద్దరి సంపాదనతో కిస్తీ కడుతుంటే ఇద్దరికీ ఉండాలి. డబ్బు ఎవరి చేతికి వస్తుంది? అప్పు ముందే తీరితే ఏమవుతుంది? సొంత పాలసీ అందాక నచ్చకపోతే 30 రోజుల్లోగా వెనక్కి ఇవ్వవచ్చు.

ఆ పిల్లల ఫీజు ఇప్పుడు మీలో కొందరి దయతోనే గడుస్తోంది. అల్లాహ్ మీకు తగిన ప్రతిఫలం ప్రసాదించుగాక. ఇంకొక్క పని చేయండి. మీ కొడుకో, అల్లుడో, మీ దుకాణంలో పనిచేసే కుర్రవాడో ఇంటి అప్పు కాగితాలపై సంతకానికి వెళ్లేటప్పుడు ఒక పూట వెంట వెళ్లండి. ఆ కాగితం చివరి పేజీదాకా అతనితో చదివించండి.