ప్రొడక్షన్ భోజనం నుంచి పీచు పొడి దాకా: పొట్ట విశేషాలు

తెల్లవారకముందే హైదరాబాద్ కృష్ణానగర్ వీధులు మేల్కొంటాయి. ఆరింటి కాల్షీట్ అందుకోవాల్సిన జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్, ప్రొడక్షన్ బాయ్స్ బండి దగ్గర నిలబడే నాలుగు ఇడ్లీలు తిని వ్యాన్ ఎక్కుతారు. అక్కడికి కాస్త దూరంలోనే జూబ్లీహిల్స్ మందుల షాపుల్లో ‘గట్ హెల్త్’ అని రాసిన పీచు పొడి డబ్బాలు వరుసగా కనిపిస్తాయి. బయట తిన్నది పడనప్పుడు ఒక చెంచా పొడి నీళ్లలో కలుపుకుంటే పొట్ట సర్దుకుంటుందని చాలామంది నమ్మకం. ఆ నమ్మకంలో ఎంత నిజముందో, ఆ డబ్బాలో ఉన్నది మన వంటింట్లో ఏ పేరుతో ఉందో చూద్దాం.

★ ‘ప్రీబయాటిక్’ అన్న మాట వయసు ముప్పై ఏళ్లే. 1995లో గ్లెన్ గిబ్సన్, మార్సెల్ రోబర్‌ఫ్రాయిడ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాన్ని వాడుకలోకి తెచ్చారు. ప్రోబయాటిక్ అంటే మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులు. ప్రీబయాటిక్ అంటే వాటికి మేత. పాడిగేదెను ఇంటికి తోలుకురావడం మొదటిదైతే, ఉన్న గేదెకు వేళకు గడ్డి వేయడం రెండోది. మన పేగు అరిగించుకోలేని కొన్ని రకాల పీచులు అరగకుండానే పెద్దపేగుకు చేరతాయి. అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి తింటుంది.

★ మనిషి తినే మొట్టమొదటి ప్రీబయాటిక్ తల్లిపాలే. లాక్టోజు, కొవ్వు తర్వాత పాలలో ఎక్కువగా ఉండేవి బిడ్డ అరిగించుకోలేని ఒక రకం చక్కెరలు. బిడ్డకు పనికిరానివి తల్లి ఎందుకు తయారుచేస్తున్నట్టు? అవి బిడ్డ పేగుల్లో పెరిగే బైఫిడో బ్యాక్టీరియాకు ఆహారం. విరేచనాలు తెచ్చే క్రిములు పేగు గోడను అంటుకోకుండా కూడా అవి అడ్డుపడతాయి.

★ పొడి డబ్బాల మీద ఎక్కువగా కనిపించే పేరు ఇనులిన్. 1804లో ఒక మొక్క వేరు నుంచి దీన్ని తొలిసారి వేరుచేశారు. ఇప్పుడు ప్రధానంగా చికోరీ వేరు నుంచి తీస్తున్నారు. ఫిల్టర్ కాఫీ పొడిలో కలిపే చికోరీ కూడా అదే వేరు. కాకపోతే కాఫీ కోసం దాన్ని బాగా వేయిస్తారు కాబట్టి ఇనులిన్‌లో చాలా భాగం ఆ వేడికి విరిగిపోతుంది. కాఫీ తాగి పీచు తిన్నామనుకుంటే కుదరదు. ఉల్లిపాయ, వెల్లుల్లి, గోధుమల్లో మాత్రం ఈ జాతి పీచు సహజంగానే ఉంది.

★ మీకు గోరుచిక్కుడు వేపుడు ఇష్టమా? రాయలసీమలో దాన్నే మటిక్కాయ అంటారు. ఆ కాయ ముదిరాక గింజ నుంచి తీసే జిగురు పేరు గ్వార్ గమ్. ప్రపంచంలో పండే గోరుచిక్కుడు గింజల్లో దాదాపు 80 శాతం మన దేశానివే, అందులో సింహభాగం రాజస్థాన్‌ది. ఐస్‌క్రీం చిక్కబడటానికి ఈ జిగురే వేస్తారు. అమెరికాలో రాతిపొరలు పగలగొట్టి చమురు, గ్యాసు తీసే బావుల్లోకీ ఇదే దిగింది. ఆ గిరాకీకి 2012లో గోరుచిక్కుడు గింజల ధర ఆకాశాన్నంటింది. ఈ జిగురును ఎంజైములతో చిన్న చిన్న ముక్కలుగా విరగ్గొడితే నీళ్లలో కనబడకుండా కలిసిపోయే, రుచి లేని పొడి వస్తుంది. ఖరీదైన ప్రీబయాటిక్ డబ్బాల్లో కొన్నింటిలో ఉన్నది ఈ పొడే. మన పొలం గట్టు మీది కాయ ఇంత దూరం తిరిగి మళ్లీ మన మందుల షాపుకే వచ్చింది.

★ ఇసబ్‌గోల్‌ను కూడా చాలామంది ప్రీబయాటిక్ అనుకుంటారు. అది నీరు పీల్చి ఉబ్బి మలాన్ని మెత్తబరుస్తుంది. బ్యాక్టీరియా దాన్ని పెద్దగా పులియబెట్టలేదు. మంచి పీచే, చేసే పని వేరు. నిండు గ్లాసు నీళ్లతోనే తీసుకోవాలి, లేకపోతే గొంతులోనే ఉబ్బి అడ్డుపడే ప్రమాదముంది.

★ ఇక బయటి తిండి సంగతి. 2024 అక్టోబరు చివర్లో జూబ్లీహిల్స్‌ను ఆనుకుని ఉన్న బంజారాహిల్స్‌లో రోడ్డు పక్క మయోనీజ్‌తో మోమోలు తిన్నవారు పదుల సంఖ్యలో ఆస్పత్రుల్లో చేరారు. ఒక మహిళ ప్రాణం కోల్పోయారు. అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయోనీజ్‌ను ఏడాది పాటు నిషేధించింది. అంతకుముందు 2023 జనవరిలో కేరళ, తర్వాత 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కూడా ఈ పనే చేశాయి. పచ్చి గుడ్డు మీద ఎందుకింత భయం? గుడ్డు పెంకు మీద, ఒక్కోసారి లోపల కూడా సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండొచ్చు. పొయ్యి మీద ఉడికితే అది చస్తుంది. మయోనీజ్‌లో పచ్చసొనను నూనెతో గిలక్కొట్టడమే తప్ప ఉడికించడం ఉండదు. అది ఎండలో బండి మీద గంటల తరబడి ఉంటే ఆ కొద్దిపాటి బ్యాక్టీరియా వేలు, లక్షలు అవుతుంది. తిన్న ఆరు గంటల నుంచి మూడు రోజుల లోపు కడుపునొప్పి, జ్వరం, విరేచనాలు మొదలవుతాయి. అందుకే రోగి రాత్రి తిన్నదాన్ని నిందిస్తాడు, అసలు తప్పు మొన్న తిన్నదానిది కావచ్చు.

★ అలాంటి రాత్రి పీచు పొడి కాపాడుతుందా? కాపాడదు. కడుపులోకి చేరిన విషాన్ని ఏ పీచూ వెనక్కి లాగలేదు. పీచు చేసే మేలు ముందునుంచీ నెమ్మదిగా జరిగేది. బ్యాక్టీరియా పీచును పులియబెట్టినప్పుడు ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే ఆమ్లాలు పుడతాయి. బ్యూటిరేట్ పెద్దపేగు గోడ కణాలకు ముఖ్యమైన ఇంధనం. ఆ పులుపు చాలా చెడ్డ క్రిములకు గిట్టదు. 2016లో ఎలుకల మీద చేసిన ఒక పరిశోధన మరీ ఆలోచింపజేసేది. వాటికి పీచు లేని మేత పెడితే, ఆకలితో ఉన్న బ్యాక్టీరియా పేగు గోడకు రక్షణగా ఉండే జిగట పొరనే తినడం మొదలుపెట్టింది. ఆ పొర పల్చబడ్డాక రోగక్రిమి సులువుగా గోడను చేరింది. 2025 జనవరిలో కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు 45 దేశాలకు చెందిన 12,000 మందికి పైగా పేగు బ్యాక్టీరియా సమాచారాన్ని పరిశీలించారు. ఇ.కోలి, క్లెబ్సియెల్లా లాంటి రోగక్రిములు తక్కువగా ఉన్నవారి పేగుల్లో పీచును ఆమ్లాలుగా మార్చే ఒక బ్యాక్టీరియా జాతి ఎక్కువగా కనిపించింది. దూరదేశాలకు ప్రయాణించేవారికి ముందుగా ప్రీబయాటిక్ పొడులు ఇచ్చి చూసిన పరీక్షలూ ఉన్నాయి. ఒకదాంట్లో విరేచనాలు తగ్గాయి, ఇంకోదాంట్లో చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. కాబట్టి డబ్బా మీది పెద్ద పెద్ద మాటలకు ఇంకా గట్టి ఆధారం లేదు.

★ పీచు జాతి పదార్థం విరేచనాల్లో పనికొచ్చిన సందర్భమూ ఉంది. అది మన పక్కనే, వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో జరిగింది. బి.ఎస్. రామకృష్ణ బృందం కలరా రోగులకు ఇచ్చే ఓఆర్ఎస్‌లో చిన్నపేగులో అరగని మొక్కజొన్న పిండిని కలిపి ఇచ్చింది. ఆ పిండి పెద్దపేగు చేరాక పుట్టిన ఆమ్లాల సాయంతో పేగు ఉప్పునూ నీటినీ తిరిగి పీల్చుకుంది. విరేచనాల కాలం తగ్గింది. 2000 సంవత్సరంలో ఈ ఫలితాలు ప్రసిద్ధ అమెరికన్ వైద్యపత్రికలో వచ్చాయి. మరుసటి ఏడాదే ఢాకా వైద్యులు ఎన్నాళ్లకూ తగ్గని విరేచనాలతో ఉన్న పసిపిల్లలకు ఉడికించిన అరటికాయ కలిపిన అన్నం పెట్టి మంచి ఫలితం చూశారు. మన ఇళ్లలో విరేచనాలకు అరటికాయ కూర పథ్యంగా పెట్టే అమ్మమ్మలు ఇది వింటే ఆశ్చర్యపోరు.

★ పేగు జబ్బు చుట్టూ తిరిగిన తెలుగు జీవితం ఒకటుంది, అదే యల్లాప్రగడ సుబ్బారావుది. ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన సోదరులిద్దరు ‘స్ప్రూ’ అనే జబ్బుతో చనిపోయారు. ఆయనకూ అది సోకింది. ఎడతెగని విరేచనాలు, తిన్నది ఒంటికి పట్టకపోవడం, రక్తహీనత దాని లక్షణాలు. చాలామందిలో ఇది మామూలు కడుపు ఇన్ఫెక్షన్‌లాగే మొదలవుతుంది. ఇన్ఫెక్షన్ పోయాక కూడా చిన్నపేగులో ఉండకూడని బ్యాక్టీరియా గుడారం వేసుకుని కూర్చుంటుంది. మద్రాసులో వైద్యం చదివిన సుబ్బారావు బతికి బయటపడి, అమెరికా వెళ్లి హార్వర్డ్‌లోనూ తర్వాత లెడర్లే ప్రయోగశాలలోనూ పనిచేశారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. ఆయన పర్యవేక్షణలో ఉన్న ఆ ప్రయోగశాల నుంచే 1948లో ఆరియోమైసిన్ బయటికొచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అది మొదటి మందు. అదే ఏడాది ఆయన కన్నుమూశారు. ఈనాటికీ స్ప్రూకు వైద్యులు రాసే చికిత్స ఏమిటంటే ఫోలిక్ ఆమ్లం, టెట్రాసైక్లిన్. తన సోదరులను తీసుకుపోయిన జబ్బుకు కావలసిన రెండు మందులూ ఆయన ప్రయోగశాలే లోకానికి ఇచ్చింది. రాసిన ప్రతిసారీ మనసు కదిలే నిజమిది.

★ ఫుడ్ పాయిజనింగ్ తగ్గినా పొట్ట పాత దారికి రాకపోవడం ఇప్పటికీ ఉంది. కడుపు ఇన్ఫెక్షన్ వచ్చిన ప్రతి పదిమందిలో సుమారు ఒకరికి తర్వాత నెలల తరబడి ఉబ్బరం, నొప్పి, అస్తవ్యస్తమైన విరేచనాలు కొనసాగుతాయని పరిశోధనలు చెబుతున్నాయి. ఇలాంటివారికి ఇనులిన్ పొడి, పచ్చి ఉల్లిపాయ మరింత గ్యాసు తెస్తాయి. జబ్బు నుంచి లేచిన మొదటి రోజుల్లో మెత్తటి అన్నం, పెరుగు, పలుచటి గంజి చాలు. పొడి వాడాలనుకుంటే తేరుకున్నాక, అరచెంచాతో మొదలుపెట్టి వారాల మీద పెంచుకోవాలి.

★ వండిన అన్నం చల్లారితే అందులోని పిండిలో కొంత భాగం అరగని పిండిగా మారుతుంది. చద్దన్నం మహిమలో ఇదొక భాగం. కానీ అదే అన్నానికి మరో ముఖమూ ఉంది. బియ్యంలో ఉండే బాసిలస్ సీరియస్ బ్యాక్టీరియా బీజాలు అన్నం ఉడికినా చావవు. వేడి అన్నాన్ని పెద్ద గిన్నెలో మూతపెట్టి వదిలేస్తే గోరువెచ్చగా ఉన్నంతసేపూ అవి మొలకెత్తి విషం తయారుచేస్తాయి. వాంతులు తెప్పించే ఆ విషం మళ్లీ వేడిచేసినా పోదు. షూటింగ్ యూనిట్‌కు ప్రొడక్షన్ భోజనం పంపేవారు గుర్తుంచుకోవాల్సిన ముచ్చట ఇది. తెల్లవారుజామున వండిన పులిహోర, కర్డ్ రైస్ ఊరి చివర లొకేషన్లో మధ్యాహ్నం లంచ్ బ్రేక్ దాకా గోరువెచ్చగా ఉండకూడదు. వేడిగా తినాల్సింది 60 డిగ్రీలకు పైన, చల్లగా ఉంచాల్సింది 5 డిగ్రీలకు లోపు ఉండాలి. మామూలు గదివేడిలో రెండు గంటలు దాటనివ్వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. చద్దన్నానికైతే అన్నాన్ని వెడల్పు పళ్లెంలో ఆరబోసి, త్వరగా చల్లార్చి మజ్జిగలో వేసి చల్లని చోట ఉంచాలి.

★ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టి 1958లో హైదరాబాద్ వచ్చింది. ఆ సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం వంద గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు మూడు గ్రాముల లోపే. అదే వంద గ్రాముల జొన్నల్లో సుమారు 10, రాగుల్లో 11 గ్రాములు. పెద్దలకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఒక పూట జొన్నరొట్టె, పప్పు, గోరుచిక్కుడు కూర, ఒక జామకాయ ఉంటే అందులో సగం దాటేస్తాం. కందిపప్పు, సెనగల్లో ఉండి గ్యాసు తెచ్చే చక్కెరలు కూడా పేగు బ్యాక్టీరియాకు మంచి మేతే. నా మాట అడిగితే పొడికి పెట్టే డబ్బు ముందు కూరగాయల సంచిలోకి వెళ్లాలి.

★ అయినా పొడి కొంటారా? డబ్బా మీద 14 అంకెల ఆహార భద్రత లైసెన్స్ నంబరు ఉందో లేదో చూడండి. మందుగా వాడకూడదన్న హెచ్చరిక కూడా ముద్రించి ఉండాలి. అలా ముద్రించమని నిబంధనే ఉంది.

★ ఫుడ్ పాయిజనింగ్‌లో ప్రాణం తీసేది చాలాసార్లు ఒంట్లో నీరు, ఉప్పు ఇంకిపోవడమే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనాబిస్ ఉప్పు, చక్కెర నీళ్లతో వేలమందిని కాపాడారు. ‘లంఖణం పరమౌషధం’ అని తిండి మానేసినా, నీళ్లు మానకూడదు. అయితే ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని ఎక్కువ చక్కెర ఉన్న పానీయాలు షాపుల్లో ఏళ్ల తరబడి అమ్ముడయ్యాయి. ఎక్కువ చక్కెర విరేచనాలను ఇంకా పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీని మీద సుమారు ఎనిమిదేళ్లు ఒంటరిగా పోరాడారు. చివరికి 2025 అక్టోబరులో జాతీయ ఆహార భద్రత సంస్థ పానీయాల పేర్లలో ఓఆర్ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది.

యూనిట్ నడిపే మేనేజర్లకు, ఇంట్లో పిల్లలున్న తల్లిదండ్రులకు ఒక మనవి. ప్రొడక్షన్ వ్యానులో, ఇంట్లో, కారులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైనదని రాసి ఉన్న ఓఆర్ఎస్ పొట్లాలు నాలుగు ఉంచుకోండి. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లే కలపండి. అది దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించండి. మలంలో రక్తం పడినా, మూత్రం ఆగినా, తాగింది తాగినట్టే వాంతి అవుతున్నా, మనిషి మగతగా ఉన్నా, షాట్ మధ్యలోనైనా సరే ఆపి, వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.