మెదక్ చర్చి అందం పగటి వెలుగులోనే.. చీకటి పడితే రంగుటద్దాలు మూగబోతాయి

మెదక్: మెదక్ చర్చిని చూసేందుకు వచ్చేవారిలో చాలామంది గోపురం ఎదుట ఫొటో దిగి, లోపల ఒక చుట్టు తిరిగి, పావుగంటలోనే ఏడుపాయలకో ఖిల్లాకో బయలుదేరుతుంటారు. చీకటి పడ్డాక చేరుకునేవారైతే ఈ కట్టడంలోని ప్రధాన ఆకర్షణను చూడకుండానే తిరుగుముఖం పడతారు. ఆ ఆకర్షణ రంగుటద్దాల గవాక్షాలు. లోపల ఎన్ని విద్యుద్దీపాలు వెలిగించినా వాటిలోని బొమ్మలు కనిపించవు. వెలుపలి నుంచి సూర్యకాంతి పడితేనే రంగులు విచ్చుకుంటాయి. అందుచేత మెదక్ ప్రయాణానికి తేదీ కంటే ముందు వేళను నిర్ణయించుకోవడం మంచిది.

గోడకు బదులు గాజు

ఈ చర్చిని గోథిక్ శైలి కట్టడమని అందరూ అంటారు. ఆ శైలి పన్నెండో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో పుట్టింది. అంతకుముందు ఐరోపాలోని పెద్ద చర్చిల్లో పైకప్పు బరువును మందపాటి గోడలే మోసేవి. గోడకు పెద్ద కిటికీ పెడితే కట్టడం బలహీనపడుతుంది కనుక లోపల ఎప్పుడూ మసక చీకటే. మొన దేలిన కమానులు, పక్కటెముకల వంటి రాతి బద్దీలు వచ్చాక బరువు స్తంభాల మీదకు మళ్లింది. భారం తగ్గిన గోడల్లో నిలువెత్తు కిటికీలు అమర్చి, వాటిని రంగుటద్దాలతో నింపారు. చదువు రాని భక్తులకు ఆ అద్దాలే బైబిలు కథలు చెప్పాయి. మెదక్ చర్చి అంత పాతది కాదు. పాత శైలిని ఆధునిక కాలంలో పునరుద్ధరించి కట్టిన వాటిలో ఇదొకటి. అయినా కమానులు, ఎత్తయిన పైకప్పు, గవాక్షాలు అన్నీ ఆ సూత్రం ప్రకారమే ఉన్నాయి. లోపలికి అడుగుపెట్టినవారు ముందుగా తల పైకెత్తి కమానుల వరుసను, ఆ తరువాత అద్దాలను చూస్తే నిర్మాణ రహస్యం ఇట్టే బోధపడుతుంది.

బలిపీఠం వెనుక ఉన్న గవాక్షంలో క్రీస్తు ఆరోహణ ఘట్టం ఉంది. ఒక పక్కన క్రీస్తు జననం, మరో పక్కన శిలువ ఘట్టం కనిపిస్తాయి. లండన్‌కు చెందిన చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ వీటికి రూపకల్పన చేశారు. చిన్న చిన్న గాజు ముక్కలను కూర్చి చేసిన బొమ్మలివి. మూడు గవాక్షాలు మూడు దిక్కులకు ఉన్నందున ఏ ఒక్క వేళలోనూ మూడూ ఒకేలా వెలగవు. ఉదయం కాంతివంతంగా ఉన్నది మధ్యాహ్నానికి మెత్తబడుతుంది, మరొకటి వెలుగందుకుంటుంది. పొద్దున వచ్చి, భోజనం తరువాత మరోసారి లోపలికి వెళ్లగలిగితే తేడా తెలుస్తుంది. అంత తీరిక లేనివారు కనీసం అరగంట బల్లమీద కూర్చోవాలి. మబ్బు పట్టిన రోజున రంగులు వెలవెలబోతాయి గనుక వానాకాలం కంటే చలికాలం అనుకూలం.

కరవు కాలపు కట్టడం

బ్రిటిష్ సైనికులకు మత సేవలందించేందుకు 1895లో సికింద్రాబాద్ వచ్చిన చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ ఆ తరువాత మెదక్‌ను తన కార్యక్షేత్రంగా చేసుకున్నారు. 1914లో చర్చి పనులు ఆరంభమయ్యాయి. మొదటి ప్రపంచ యుద్ధం, దానితోపాటే కరవు. ఊరికే గంజి పోయడం కంటే పని ఇచ్చి తిండి పెట్టడం మేలని పాస్నెట్ తలచారని, అలా చుట్టుపక్కల పల్లెల జనం కూలికి వచ్చారని ఈ ప్రాంతంలో చెప్పుకుంటారు. పదేళ్ల శ్రమ అనంతరం 1924 డిసెంబరు 25న చర్చిని ప్రతిష్ఠించారు. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం ఎత్తు 175 అడుగులు. ఒకేసారి ఐదు వేల మంది వరకు ప్రార్థనలో పాల్గొనవచ్చు. అడుగున పరిచిన రంగురంగుల పలకలు బ్రిటన్ నుంచి వచ్చాయి. వాటిని పరచడానికి ఇటలీ మేస్త్రీలను పిలిపించారు. పేరు పాస్నెట్‌కు దక్కింది, రాళ్లు మోసింది మాత్రం ఆకలితో వచ్చిన కూలీలు. బూడిదరంగు రాతి స్తంభాలను తాకేటప్పుడు ఈ సంగతి గుర్తుంటే వాటి నునుపు వేరుగా తోస్తుంది. 2024 డిసెంబరుతో చర్చికి నూరేళ్లు నిండాయి.

వాటికన్ తరువాత ప్రపంచంలో రెండో పెద్ద డయాసిస్ మెదక్‌దేనన్న మాట తరచూ వినిపిస్తుంది. ఈ పోలిక పొసగదు. వాటికన్ రోమన్ కాథలిక్కుల కేంద్రం. మెదక్ డయాసిస్ 1947లో ఏర్పడిన చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాకు చెందినది. ఇలాంటి బిరుదులు లేకున్నా ఈ కట్టడానికి వచ్చే లోటేమీ లేదు.

ఏ రోజు వెళ్లాలి?

క్రిస్మస్ నాడు తెల్లవారుజాము నుంచే ఆరాధన మొదలవుతుంది. లెక్కకు మిక్కిలిగా భక్తులు తరలివస్తారు. దీవెనల కోసం వచ్చేవారికి అది పండుగ. కట్టడాన్ని నింపాదిగా చూడదలచినవారికి మాత్రం ఆ రోజు వరుసలోనే గడిచిపోతుంది. గుడ్‌ఫ్రైడే, ఈస్టర్ రోజుల్లోనూ రద్దీ ఉంటుంది. ఆదివారం ఆరాధన సాగుతున్నంతసేపు తిరిగి చూడటం సబబు కాదు. మామూలు పనిదినాల్లో ఉదయం పూట అన్ని విధాలా మేలు. లోపల ఫొటోలు, పాదరక్షల విషయంలో అక్కడి వారిని అడిగి నడుచుకోవాలి. ఇది నిత్యం ప్రార్థన జరిగే మందిరం. పిల్లలతో వచ్చేవారు ఈ సంగతి ముందే వారికి చెప్పి తీసుకురావాలి.

హైదరాబాద్ నుంచి దూరం సుమారు 100 కిలోమీటర్లు. నర్సాపూర్ అడవి మీదుగా ఒక దారి, 44వ జాతీయ రహదారిపై తూప్రాన్, రామాయంపేట మీదుగా మరొక దారి ఉన్నాయి. ఆర్టీసీ బస్సులు ఉన్నాయి. అక్కన్నపేట నుంచి మెదక్ వరకు వేసిన రైలు మార్గం 2022లో ప్రారంభమైంది. రైళ్లు తక్కువ కాబట్టి తిరుగు ప్రయాణం వేళలు చూసుకున్నాకే బయలుదేరాలి. పొద్దున చర్చి, ఎండ తగ్గాక ఖిల్లా అనుకుంటే రెండూ సరిపోతాయి. కొండపై కోటకు సాయంత్రమే హాయి. ఖిల్లా పైనుంచి చూస్తే చర్చి గోపురం పట్టణం నడుమ తలెత్తుకుని కనిపిస్తుంది.