వేసవి బడిలో రోబో పాఠం

ఎడమ సెన్సర్‌కు నలుపు కనిపిస్తే ఎడమ చక్రం ఆగాలి. కుడి సెన్సర్‌కు కనిపిస్తే కుడి చక్రం ఆగాలి. నేల మీద అంటించిన నల్ల టేపు వెంట బుల్లి బండిని నడిపించే సూత్రం ఇంతే. ఢిల్లీ, నోయిడా, గుర్గావ్‌లలో మే వచ్చిందంటే చాలు, పదేళ్ల పిల్లలు ఈ సూత్రంతో కుస్తీ పడుతుంటారు. మాల్స్‌లో, అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌసుల్లో, ప్రైవేటు స్కూళ్లలో వేసవి శిబిరాలు వెలుస్తాయి. ఒకప్పటి చిత్రలేఖనం, ఈత తరగతుల సరసన ఇప్పుడు రోబోటిక్స్, కోడింగ్, త్రీడీ ప్రింటింగ్ చేరాయి. తాజా ఆకర్షణ కృత్రిమ మేధ.

గిరాకీకి కారణం సైన్స్ మీద మోజు ఒక్కటే కాదు. 2025లో ఢిల్లీ ప్రభుత్వ పాఠశాలలకు మే 11 నుంచి జూన్ 30 దాకా, అంటే 51 రోజులు సెలవులిచ్చారు. బయట 45 డిగ్రీల ఎండ. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగులైతే పిల్లల్ని ఎవరు చూసుకోవాలి? ఒకప్పుడు రాజధానిలోని తెలుగు కుటుంబాలకు సెలవులంటే ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి అమ్మమ్మ ఊరు వెళ్లడమే. 2014లో ఆ రైలు పేరే మారిపోయింది. అమ్మమ్మలు కూడా ఇప్పుడు మనవల దగ్గరికే వస్తున్నారు. కాబట్టి శిబిరం సగం బడి, సగం పిల్లల్ని కనిపెట్టుకుని ఉండే చోటు.

ఇందులో వాడే పరికరాలు నిజానికి ఖరీదైనవి కావు. ఆర్డుయినో బోర్డు 2005లో ఇటలీలో విద్యార్థుల కోసం పుట్టింది. దాని డిజైన్‌ను ఎవరైనా వాడుకోవచ్చు. అమెరికాలోని ఎంఐటీ 2007లో విడుదల చేసిన స్క్రాచ్ పూర్తిగా ఉచితం. మరి ఫీజు వేలల్లో ఎందుకు? చల్లని గది, నేర్పే మనిషి, కిట్టు పెట్టె, చివరి రోజు సర్టిఫికెట్... అన్నీ కలిపి.

చిక్కంతా ఆ పెట్టెతోనే. పుస్తకంలో చెప్పిన వరుసలో ముక్కలు బిగిస్తే బండి కదులుతుంది. అమ్మానాన్నా ఫోన్‌లో వీడియో తీసుకుంటారు. పిల్లాడు నేర్చుకున్నది మాత్రం స్క్రూలు బిగించడమే. అదే బండిని కిటికీ పక్కన పెడితే దారి తప్పొచ్చు. సెన్సర్లు పరారుణ కిరణాలతో పని చేస్తాయి, ఎండలోనూ అవే ఉంటాయి మరి. అది కనిపెట్టి సెన్సర్‌కు అట్టముక్క అడ్డుపెట్టిన పిల్లకి సైన్స్ కొంత అబ్బినట్టే. అయితే అలా వెతుక్కోవడానికి కావలసిన అరగంట, పది రోజుల్లో పది ప్రాజెక్టులు చూపాల్సిన శిబిరానికి దొరకదు.

ఈ ఆలోచన రాజధానికి కొత్తేం కాదు. పిల్లలు బడి బయట తమకు నచ్చింది చేసుకుంటూ నేర్చుకోవాలని నెహ్రూ చొరవతో 1956లోనే బాల భవన్ మొదలైంది. కోట్లా రోడ్డులోని ఆ ప్రాంగణంలో నామమాత్రపు రుసుముతో సభ్యత్వమిస్తారు. సైన్స్ నుంచి మట్టి బొమ్మల దాకా అక్కడ అన్నీ ఒకే చోట. ప్రగతి మైదాన్ పక్కన జాతీయ విజ్ఞాన కేంద్రాన్ని 1992 జనవరి 9న ప్రారంభించింది అప్పటి ప్రధాని పీవీ నరసింహారావు. అక్కడా పిల్లలకు సెలవుల్లో హాబీ శిబిరాలు నిర్వహిస్తూ వచ్చారు. ఇక ఖర్చు లేని సైన్స్‌కు మధ్యప్రదేశ్‌లో 1972లో మొదలై 2002లో ఆగిపోయిన హోషంగాబాద్ ప్రయోగమే సాక్ష్యం. అక్కడే అగ్గిపుల్లలకు సైకిల్ వాల్వు ట్యూబు ముక్కలు తొడిగి జామెట్రీ నేర్పిన అరవింద్ గుప్తాకు 2018లో పద్మశ్రీ వచ్చింది.

అదే 2018 వేసవిలో ఢిల్లీ ప్రభుత్వ, మున్సిపల్ పాఠశాలల్లో మరో రకం శిబిరం నడిచింది. పేరు మిషన్ బునియాద్. చదవడం, రాయడం, చిన్నపాటి లెక్కలు రాని పిల్లలకు వాటిని నేర్పించడం లక్ష్యం. ఒకే నగరం, అవే సెలవులు. ఒక బిడ్డ రోబోకు ఆజ్ఞలు రాస్తుంటే మరో బిడ్డ పేరా కూడబలుక్కుంటోంది. రెండో బిడ్డకు రోబో దాకా వెళ్లే దారి ఉందా అన్నదే అసలు ప్రశ్న.

దారి వేయడానికి 2016 నుంచి అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు వచ్చాయి. ఒక్కో బడికి రూ.20 లక్షల వరకు గ్రాంటు. ఆరు నుంచి పన్నెండో తరగతి పిల్లలకు త్రీడీ ప్రింటర్లు, సెన్సర్లు అందుబాటులోకి తేవాలన్నది ఉద్దేశం. అయిదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో మరో 50,000 పెడతామని 2025 బడ్జెట్ ప్రకటించింది. మంచిదే. కానీ పిల్లలకు తీరిక దొరికేది బడి మూసిన రోజుల్లోనే. అప్పుడు ల్యాబ్ తెరిచి ఉండాలంటే కావలసింది ఇంకో ప్రింటర్ కాదు. వేసవిలో అక్కడ కూర్చునే టీచరు, ఆ టీచరుకు అదనపు జీతం.

దూరం సంగతీ ఉంది. నరేలా నుంచి కోట్లా రోడ్డుకు 30 కిలోమీటర్ల పైమాటే. ఎండలో బస్సులు మారి ఏ పిల్లాడు వస్తాడు? కుప్పం దగ్గర 172 ఎకరాల ప్రాంగణమున్న అగస్త్య ఫౌండేషన్ దీనికి ఎప్పుడో విరుగుడు కనిపెట్టింది. 1999లో మొదలైన ఆ సంస్థ ప్రయోగశాలనే వ్యాన్‌లోకి ఎక్కించి పల్లె బడుల ముందు నిలిపింది. ఢిల్లీ శివారు కాలనీల్లో అలాంటి వ్యాన్లను జూన్ నెలంతా తిప్పడానికి అయ్యే ఖర్చెంతో, ఒకసారి లెక్క వేసి చూడొచ్చు.