జబ్బును వదిలి ఖర్చును కొలిచిన లెక్క

షుగరు, బీపీ లాంటి దీర్ఘవ్యాధులు ముదిరిన రోగులను అమెరికాలో కొన్ని పెద్ద ఆస్పత్రులు ప్రత్యేకంగా కనిపెట్టుకుని ఉంటాయి. నర్సు ఫోన్ చేసి మందులు వేసుకుంటున్నారా అని అడుగుతుంది. డాక్టరు అపాయింట్‌మెంటు త్వరగా దొరుకుతుంది. ఈ సేవ అందరికీ అందించడం కుదరదు కనుక, ఎవరికి ఎక్కువ అవసరమో తేల్చే పని ఒక అల్గారిథంకు అప్పగించారు. అది ప్రతి రోగికీ ఒక స్కోరు ఇస్తుంది. అందరికంటే పైనున్న 3 శాతం మంది నేరుగా ఎంపికవుతారు.

అలాంటి ఒక అల్గారిథంను జియాద్ ఒబర్‌మేయర్, సెంధిల్ ముల్లైనాథన్ అనే పరిశోధకులు, మరో ఇద్దరు కలిసి పరిశీలించి, ఫలితాలను 2019లో 'సైన్స్' పత్రికలో ప్రచురించారు. ఒకే స్కోరు వచ్చిన నల్లజాతి, తెల్లజాతి రోగుల రికార్డులు పక్కపక్కన పెట్టి చూశారు. ఎంపికకు గీసిన గీత దగ్గర తెల్లవాళ్ళకు సగటున 3.8 దీర్ఘవ్యాధులుంటే, నల్లవాళ్ళకు 4.8 ఉన్నాయి. వాళ్ళలో బీపీ ఎక్కువ, షుగరు అదుపు తప్పింది, కిడ్నీల సమస్యలూ ఎక్కువే. నల్లవాళ్ళు ఆ సేవ పొందాలంటే తెల్లవాళ్ళకంటే ఎక్కువ జబ్బు పడాల్సి వచ్చిందన్నమాట.

విచిత్రమేమిటంటే, రోగి ఏ జాతివాడో ఆ అల్గారిథంకు తెలియనే తెలియదు. ఆ వివరమే దానికి ఇవ్వలేదు. మరి వివక్ష ఎక్కడి నుంచి వచ్చింది? దానికి అప్పజెప్పిన ప్రశ్నలోంచి. జబ్బు తీవ్రతను అంకెల్లో పెట్టడం కష్టం. ఇన్సూరెన్స్ బిల్లులు మాత్రం సిద్ధంగా ఉంటాయి. అందుకని వచ్చే ఏడాది ఈ రోగికి ఎంత ఖర్చవుతుందో అంచనా వేయడం నేర్పారు. జబ్బు ఎక్కువైతే ఖర్చూ ఎక్కువే కదా అనిపిస్తుంది. కానీ అన్నే దీర్ఘవ్యాధులున్న తెల్లవాళ్ళతో పోలిస్తే నల్లవాళ్ళ వైద్యానికి ఏడాదికి సుమారు 1,800 డాలర్లు తక్కువ ఖర్చవుతోంది. దానికి కారణాలున్నాయి: ఆస్పత్రి దూరం, పనికి సెలవు దొరకదు, డాక్టర్ల మీద నమ్మకం తక్కువ. ఆ అపనమ్మకం ఊరికే పుట్టలేదు. అమెరికాలోని టస్కేగీ పట్టణంలో 1932 నుంచి 1972 దాకా ప్రభుత్వ ఆరోగ్యశాఖవాళ్ళే సిఫిలిస్ సోకిన నల్లజాతి పురుషులకు చికిత్స చేయకుండా, జబ్బు ఎలా ముదురుతుందో చూస్తూ కూర్చున్నారు. పెన్సిలిన్ అందుబాటులోకి వచ్చాక కూడా ఇవ్వలేదు.

ఖర్చు అంచనాలో ఆ అల్గారిథం తప్పలేదు. మామూలు పరీక్షల్లో ఈ వివక్ష బయటపడకపోవడానికి కారణం అదే. నన్ను ఎక్కువ కలవరపెట్టేదీ అదే. జబ్బు తీవ్రతను బట్టి ఎంచితే, ఎంపికైనవాళ్ళలో నల్లవాళ్ళ వాటా 17.7 శాతం నుంచి 46.5 శాతానికి పెరుగుతుందని పరిశోధకులు లెక్కగట్టారు. తయారుచేసిన సంస్థతో కలిసి, ఖర్చుతో పాటు ఆరోగ్య స్థితినీ అంచనా వేసేలా మార్చి చూస్తే వివక్ష 84 శాతం తగ్గింది.

మన దగ్గర ఇలాంటి లెక్కలు అన్నం దాకా వచ్చాయి. తెలంగాణలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులను నోటీసు ఇవ్వకుండా, కంప్యూటర్ సమాచారం ఆధారంగా రద్దు చేశారని సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. పేరు మీద కారుంటే కలవాడని కంప్యూటర్ రాసుకుంటుంది. ఆ కారు అదే పేరున్న మరొకరిది కావచ్చు, అప్పు చేసి కొన్న టాక్సీ కావచ్చు. రద్దైన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశించింది. ఆ పరిశీలన కార్డు తీసేయకముందే జరగాల్సింది. అర్హత ఉండీ కార్డు కోల్పోయిన కుటుంబాలు అప్పటిదాకా బజారు ధరకే బియ్యం కొనుక్కున్నాయి.